వద్దనడం రాని చేయి

ఆ ఉదయం శేషారత్నం చెప్పదలచుకున్నది చిన్న మాట. ఇడ్లీ వద్దు, కాస్త మజ్జిగ చాలు.

మామూలుగా అయితే "వ" అనే అక్షరంతో మొదలుపెట్టాలి. కానీ ఆరు నెలలుగా ఆమె ఎప్పుడు "వ" కొట్టినా ట్యాబ్లెట్ "వశపరచడమైనది" అని ముగించేది. అందుకని ఆమె వేరే దారి ఎంచుకుంది. "నాకు" అని కొట్టి, వణుకుతున్న వేలిని తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి లాక్కుపోయి "ఇ" పట్టుకుంది. అంతే. మిగిలిన వాక్యం దానంతటదే పరుచుకుంది.

"నాకు ఇష్టపూర్వకముగా ఇవ్వబడిన ఇడ్లీలు రెండును ముట్టినవి."

వంటింట్లో కూతురు హిమబిందు ఫోను కిచ్ మని మోగింది. శేషారత్నం రాసే తెర కాగితం తల్లి ట్యాబ్లెట్‌లోనూ కూతురి ఫోనులోనూ ఒకేసారి తెరుచుకుని ఉంటుంది. బిందు చదివి పగలబడి నవ్వింది.

"ముట్టకముందే రసీదు రాసిచ్చేశావేంటమ్మా! నాన్న వచ్చి కూర్చున్నట్టుంది ఇంట్లో."

ప్లేటులో రెండు ఇడ్లీలు పెట్టుకుని వచ్చింది. శేషారత్నం తిన్నది. ఏం చేస్తుంది, రసీదు రాసిచ్చాక.

మొదట్లో ఆమెకూ నవ్వొచ్చేది. నవ్వు ఎప్పుడు భయంగా మారిందో ఆమెకు బాగా గుర్తుంది.

భర్త పానకాలరావు బాపట్ల రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాశాడు. మొదట చేత్తో, తరువాత టైపు మిషను మీద, ఆఖరి పద్ధెనిమిదేళ్ళూ "దస్తరం" అనే యాప్‌లో. బల్ల దగ్గర ఆయన చేతిలో ట్యాబ్లెట్, ఇంట్లో ఈమె చేతిలో ఫోను, రెండింటిలోనూ ఒకే కాగితం. ఆయన పార్టీలతో మాట్లాడుతూ హద్దులు ఫోనులో చెబుతుంటే, ఈమె ఒక చేత్తో కూర కలుపుతూ రెండో చేత్తో తూర్పు ఫలానావారి దొడ్డిగోడ, దక్షిణం పంచాయతీ బజారు అని కొట్టేది. ఖాతా ఒక్కటే. ఓటీపీ ఆయన నంబరుకే వచ్చేది, అది చెబితే ఈమె తెరిచేది. తన పేరుతో ఇంకో ఖాతా తెరవాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆయన మూడు హద్దులు చెప్పాడు. ఈమె "పడమర" అని కొట్టి ఆగింది. అవతలినుంచి మాట రాలేదు. సిగ్నలు పోయిందనుకుని చాలాసేపు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. పక్క బల్ల యోహాను ఇంటికి పరుగెత్తుకుని వచ్చేదాకా పడమర ఏముందో చెబుతాడనే చూస్తోంది.

ఆ తరువాత ఆర్నెల్లకు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క కొంత తేరుకుంది. మాట తేరుకోలేదు. ఎవరేమన్నా అర్థమవుతుంది, చదివితే తెలుస్తుంది, చెప్పాలనుకున్నదంతా లోపల స్పష్టంగా ఉంటుంది. నోరు తెరిస్తే మాత్రం "అదే" అన్న మాట ఒక్కటే వస్తుంది. తల ఊపుదామంటే అదీ మోసం చేస్తుంది. అవును అన్నప్పుడు అడ్డంగా, కాదన్నప్పుడు నిలువుగా ఊగిపోతుంది. ఇలాంటి రోగుల్లో ఇది మామూలేనని డాక్టర్లు చెప్పి, చీటీ మీద "తల ఊపడాన్ని లెక్కలోకి తీసుకోవద్దు" అని రాశారు.

రెండేళ్ళు అలా గడిచాక గుంటూరులోని ఒక నరాల పరిశోధనశాలలో డాక్టర్ నౌషీన్ అనే ఆవిడ ఇలాంటివారికోసం ఒక సాధనం తయారుచేసిందని బిందుకు తెలిసింది. దాని పేరు తోడుచేయి. మనిషి జబ్బు పడకముందు రాసిన రాతలన్నీ దానికి ఇస్తే, ఆ మనిషి ఎలా రాస్తాడో నేర్చుకుంటుంది. ఆ తరువాత మనిషి రెండక్షరాలు కొడితే మిగిలినది తను అందిస్తుంది. కింద ఆకుపచ్చగా ఖరారు అనే మీట ఉంటుంది. అది నొక్కితే వాక్యం నిలుస్తుంది. వేళ్ళు వణికేవాళ్ళకు నొక్కడం కష్టం గనుక, వేలు రెండు సెకన్లు తెర మీద ఆగినా ఖరారైనట్టే.

అమ్మ పాత రాతలు ఏమున్నాయని నౌషీన్ అడిగితే బిందు దస్తరం ఖాతా ఇచ్చేసింది. పద్ధెనిమిది వేల పేజీలు. మిగతా రోగులకు నాలుగు వందల మెసేజీలు దొరకడమే గగనమయ్యే చోట అన్ని పేజీలు చూసి ప్రయోగశాలంతా సంబరపడింది. అవి ఎవరి మాటలని ఎవరూ అడగలేదు. శేషారత్నం వేళ్ళతో కొట్టినవే. కానీ అందులో ఆమె సొంత మాట ఒక్కటీ లేదు. అమ్మినవాళ్ళవి, ఇచ్చినవాళ్ళవి, పంచుకున్నవాళ్ళవి, ఒప్పుకున్నవాళ్ళవి. పద్ధెనిమిది వేల పేజీల్లో ఇంచుమించు ప్రతి మనిషీ స్వస్థచిత్తంతో, మనఃపూర్వకంగా ఏదో ఒకటి వదులుకుంటున్నవాడే. వద్దనేవాళ్ళు రిజిస్ట్రారు ఆఫీసుదాకా ఎందుకు వస్తారు? ఇంటి దగ్గరే ఉండిపోతారు.

ఆ చేయికి వద్దనడం రాదని ఆమెకు తెలిసింది చొక్కాల రోజున.

బిందు బీరువా సర్దుతూ ఫోనులో రాసింది, నాన్న చొక్కాలు ఎనిమిది ఉన్నాయి, ఊరికే పురుగు పట్టిపోతున్నాయి, ఎవరికైనా ఇచ్చేయనా అని. ఉండనివ్వమని చెప్పాలని శేషారత్నం "ఉ" కొట్టింది. "ఉభయుల సమ్మతితో ఇచ్చివేయడమైనది" అని వచ్చింది. చెరపడానికి వేలు పెట్టింది. వేలు వణికి ఆగిపోయింది. రెండు సెకన్లు. ఖరారు.

బిందు చొక్కాలు మూటగట్టి ఆటోలో పెడుతుంటే ఆమె గుమ్మం పట్టుకుని "అదే, అదే" అంటూ నిలబడింది. తల నిలువుగా ఊగుతూనే ఉంది. బిందు కళ్ళు తుడుచుకుంటూ, "నాకూ బాధగానే ఉందమ్మా, నువ్వు ఇంత ధైర్యంగా ఒప్పుకుంటావనుకోలేదు" అంది. ఆటో మలుపు తిరిగింది. వాటిలో నీలం గళ్ళ చొక్కా కాలర్‌కి ఇంకా ఆయన మెడ వాసన ఉంది.

*

ఆ తరువాతి నెల గుంటూరు వెళ్ళినప్పుడు నౌషీన్ తోడుచేయి ప్రయోగం రెండో దశ గురించి చెప్పింది.

ఆమె నెమ్మదస్తురాలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. శేషారత్నాన్ని ఆంటీ అని పిలిచేది, కుర్చీ తనే జరిపేది. రెండో దశలో ఖరారు మీట ఉండదని వివరించింది. మణికట్టుకు ఒక పట్టీ కడతారు. వేలు కదలబోతుండగానే అది పసిగట్టి చేయికి అందిస్తుంది. వాక్యాలు వాటంతటవే వస్తాయి, స్పీకరులోంచి మాటలుగా వినిపిస్తాయి, ఫోనులో జవాబులు వెళ్ళిపోతాయి, సంతకం అవసరమైతే సంతకమూ పడుతుంది. రోగి ఒక్కొక్క వాక్యానికీ పది నిమిషాలు కుస్తీ పట్టక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు మళ్ళీ మామూలుగా కబుర్లాడుకోవచ్చు.

ఒక వీడియో చూపించింది. నరసరావుపేటలో ఒక రిటైరైన మాస్టారు. ఆయన పక్కన భార్య, ఇద్దరి మధ్యా ట్యాబ్లెట్. ఆవిడ అడుగుతోంది, స్పీకరు గలగలా జవాబు చెబుతోంది, ఆవిడ నవ్వుతోంది. బిందు ఆ మాటలు వింటూ కళ్ళు తుడుచుకుంది. శేషారత్నం మాస్టారి కళ్ళకేసి చూసింది. ఆయన ట్యాబ్లెట్ వంక చూస్తున్నాడు. తన ఇంట్లో ఎవరో చేరి తలుపు లోపల గడియ పెట్టుకుంటే, బయట మెట్టు మీద కూర్చున్నవాడిలా చూస్తున్నాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి. భార్య చూడలేదు. ఆమెకు జవాబు అప్పటికే వచ్చేసింది మరి.

శేషారత్నం తన ట్యాబ్లెట్‌ని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టేసింది.

ఒక షరతు కూడా ఉందని నౌషీన్ చెప్పింది. మొదటి దశ ఈ నెలాఖరుతో ఆపేస్తున్నారు. రెండో దశకు ఒప్పుకోనివారి దగ్గర నుంచి తోడుచేయిని వెనక్కి తీసుకుంటారు. తీసుకోవడమంటే చెరిపేయడమే. మళ్ళీ రాదు.

"ఇది మీ సొంత నిర్ణయమై ఉండాలి ఆంటీ," అని ట్యాబ్లెట్ ముందుకు జరిపింది. "బిందు కోసమని కాదు. నా కోసమని అసలు కాదు. మీకు ఇష్టమేనా?"

కాదు అని చెప్పాలని శేషారత్నం "కా" కొట్టింది.

"కావున నేను స్వస్థచిత్తముతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నా మనఃపూర్వక సమ్మతిని తెలియజేయడమైనది."

ఆమె వేలు వెనక్కి లాక్కుంది. ఖరారు కాలేదు. నౌషీన్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఇంత స్పష్టంగా ఇంతవరకూ ఏ రోగీ చెప్పలేదంది. అలసిపోయి మీట నొక్కలేకపోయారు గానీ మనసు తెలిసిపోయిందంది. సోమవారానికి సాక్షులు ఇద్దరితో రమ్మంది.

*

ఆ అయిదు రోజులూ శేషారత్నం చేయగలిగినవన్నీ చేసింది.

వాక్యం మీద గీత పెట్టే మీట ఉంటుందని ఆమెకు పూర్వపు పని వల్ల తెలుసు. వెతికి పట్టుకుని ఆ సమ్మతి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. కాసేపటికి కింద చిన్న అక్షరాలు వచ్చాయి: "వణుకు వలన పడిన గీత తొలగించబడినది." మళ్ళీ కొట్టేసింది. మళ్ళీ తొలగించబడింది.

బిందు ఆఫీసుకు వెళ్ళాక ట్యాబ్లెట్‌ని తీసుకెళ్ళి నీళ్ళ డ్రమ్ములో వేసింది. అది తడిసినా పాడవని రకం. సాయంత్రం బిందు దాన్ని పైకి తీసి, కొంగుతో తుడిచింది. తరువాత నేల మీదే కూర్చుండిపోయింది.

"జారి పడింది కదూ?" అంది. "నువ్వే వేశావనుకోలేనమ్మా. నాన్న ఫోను పెట్టేయకుండానే వెళ్ళిపోయాడు. నువ్వు నా ఎదురుగా ఉండి రెండేళ్ళు వెళ్ళిపోయావు. ఇప్పుడు వచ్చావు. మళ్ళీ వెళ్తానంటే నా వల్ల కాదు."

శేషారత్నం కూతురి తల మీద చెయ్యి వేసింది. నేను వెళ్ళడం లేదే పిల్లా, నన్ను పంపించేస్తున్నారు, అని లోపల వాక్యం నిండుగా ఉంది. "అదే" అని వచ్చింది. బిందు ఆ చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

అన్నిటికంటే భయపెట్టేది వేరొకటి ఉంది. ఆ చేయి అంటే ఆమెకు అసహ్యం లేదు. "సదరు", "ఫలానా", "యావత్తూ" అని తెర మీద ఆ మాటలు వరుసగా వచ్చి నిలబడుతుంటే, బల్ల దగ్గర గొంతు సవరించుకుని చెప్పే ఆయనే కనిపించేవాడు. కొన్ని మధ్యాహ్నాలు ఊరికే రెండక్షరాలు కొట్టి ఆయన మాటలు రావడం చూస్తూ కూర్చునేది. వద్దనడం అంటే ఆయన్ని మళ్ళీ ఒకసారి పంపించేయడం. అయినా వద్దనాలి. మాస్టారి కళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా ట్యాబ్లెట్‌ని బోర్లా తిప్పి పెట్టేది.

శనివారం యోహాను వచ్చాడు. భర్త పక్క బల్ల మీద పాతికేళ్ళు రాసినవాడు, ఇప్పటికీ రాస్తున్నవాడు. తనతోపాటు రెండో సాక్షిగా రావాలని బిందు పిలిచింది. ట్యాబ్లెట్‌లో పాత వాక్యాలు నాలుగు చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"పానకాలన్న ఎక్కడికీ పోలేదు వదినగారూ. ఈ రాత ఇవాళ బాపట్లలో ఎవడికీ లేదు. నాకూ లేదు, ఒప్పుకోవడానికి సిగ్గేం."

ఆమె ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన ఆప్యాయత అనుకున్నాడు. సంతకం చేయబోయే కాగితం ఏదో చూపించమ్మాయ్ అని బిందు ఫోను తీసుకున్నాడు. అలవాటు చొప్పున పైకే చదివాడు. "నా తరఫున, నా బదులుగా, నేను స్వయముగా వ్రాసినట్లే వ్రాయుటకును, సంతకము చేయుటకును సదరు తోడుచేయికి అధికారము ఇవ్వడమైనది." చదివి ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"అచ్చం జీపీఏ లాగానే ఉందే. మనిషికి బదులు మిషనుకి ఇస్తున్నారు, అంతే తేడా."

ఆ తరువాత కాఫీ తాగి, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పి వెళ్ళిపోయాడు. శేషారత్నం కదలకుండా కూర్చుంది.

జీపీఏ. అమ్మకం కాదు, దానం కాదు, అధికారం అప్పగించడం. ఆ పద్ధెనిమిది వేల పేజీల్లో జనం ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్న పేజీలు కొన్ని ఉన్నాయి. ఏడాదికి మూడో నాలుగో. మనస్పర్థలు వచ్చినవాళ్ళు బల్ల దగ్గరికి వచ్చి అధికారం రద్దు చేయించుకునేవాళ్ళు. అవీ ఆమె కొట్టినవే. ఆ చేయికి వద్దు అన్న మాట రాదు. రద్దు వచ్చు.

వెంటనే "రద్" అని కొట్టింది. తెర ఆలోచించింది. "రద్దు చేయుటకు మూలపత్రము కనబడలేదు" అని వచ్చింది.

ఇంకోసారి కొట్టింది. అదే జవాబు. ఇవ్వనిదాన్ని వెనక్కి తీసుకోవడం ఆ చేయి ఎన్నడూ రాయలేదు. వద్దనాలంటే ముందు సరేననాలి. సరే అన్న తరువాత ఖరారు మీట పోతుంది. మీట పోయాక రాసేది ఆమె కాదు.

ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు, తెలియజెప్పే దారీ లేదు. వేలు ఆనించకుండా ఊరుకుంటే అలసటే అనుకుంటారు గనుక, ముందు సరేనని, మీట పోయేలోపు ఏ కాస్త సందు దొరికినా రద్దు కొట్టాలని ఆదివారం రాత్రికి నిశ్చయించుకుంది.

*

సోమవారం పదకొండు గంటలకు ప్రయోగశాలలో నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒకే కాగితం నౌషీన్ ట్యాబ్లెట్‌లో, శేషారత్నం ట్యాబ్లెట్‌లో, బిందు ఫోనులో, యోహాను ఫోనులో తెరుచుకుని ఉంది. కాగితంలో ఆమె పేరు, వయసు, ఊరు వాటంతటవే నిండాయి. చివర సమ్మతి వాక్యం సిద్ధంగా ఉంది.

శేషారత్నం వేలు ఎత్తింది. ఎంతోమంది చేత ఇలాంటి వాక్యాల కింద వేలిముద్రలు వేయించిన మనిషి ఆమె భర్త. వాళ్ళలో ఎందరికి ఇలా గుండె కొట్టుకుందో అని ఆమెకు మొదటిసారి అనిపించింది. వేలు ఆనించింది. ఒకటి. రెండు.

ఖరారు. వాక్యం కింద కాగితం నంబరు పడింది. పద్నాలుగు.

బిందు ఊపిరి వదిలింది. నౌషీన్ పట్టీ తెచ్చి ఆమె మణికట్టుకు కట్టి, నరాలకూ చేయికీ జత కుదరడానికి అయిదారు నిమిషాలు పడుతుందని చెప్పింది. తెర పైభాగాన సన్నటి నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది. అది నిండితే రెండో దశ. ఈలోగా సాక్షులు సంతకాలు చేయవచ్చంది.

"నేను మొత్తం చదివి వినిపించాకే చేస్తానమ్మా," అన్నాడు యోహాను. "రాసిచ్చినవాళ్ళకి చదివి వినిపించకుండా ఇంతవరకు సాక్షి సంతకం పెట్టలేదు. కాగితం ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా చదవాల్సిందే."

నౌషీన్ నవ్వి, కానివ్వమంది. ఆయన మొదటి పేజీ నుంచి సాగదీస్తూ మొదలుపెట్టాడు. నాలుగు పేజీల షరతులు.

శేషారత్నం సంతకాల చోటు దాటి కిందికి, ఖాళీ జాగాలోకి వేలు జరిపింది. "ర." వేలు జారి పక్కన పడింది. చెరిపింది. "ర." నీలం గీత పావు దూరం వచ్చింది. "రద్."

"రద్దు పత్రము. ఇంతకుమునుపు ఇదే తేదీన, పద్నాలుగవ నెంబరుగా నేను వ్రాసి ఇచ్చిన అధికార పత్రము విషయమై తెలియజేయునది ఏమనగా."

ఈసారి చేయి సాఫీగా ఎత్తుకుంది. ఆమె వేలు ఆనించింది. ఒకటి, రెండు, ఖరారు. గీత సగం దాటింది. తరువాతి వాక్యం కోసం అక్షరం కొట్టాలి. "స" కోసం వెతికింది. కళ్ళు మసకబారాయి. యోహాను మూడో పేజీలో ఉన్నాడు. "స" దొరికింది.

"సదరు పత్రము ద్వారా ఒసగిన అధికారమును"

వాక్యం పూర్తికాకుండానే నీలం గీత అవతలి అంచును తాకింది. ఖరారు మీట మాయమైంది.

ఆమె వేలు ఎత్తేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. మణికట్టు మీద పట్టీ గోరువెచ్చగా అయింది. తెర మీద నల్లటి గీత ఒకటి కొట్టుకుంటూ, ఆగిన వాక్యం చివర నిలబడి ఉంది. ఇప్పుడు అది ఏం రాసినా ఆమె రాసినట్టే. "అధికారమును స్థిరపరచడమైనది" అని రాయవచ్చు. "శాశ్వతము చేయడమైనది" అని రాయవచ్చు. అలాంటి ముగింపులు దాని దగ్గర వేలకొద్దీ ఉన్నాయి. ఆమె నోరు తెరిచింది. "అదే" అన్న శబ్దం కూడా రాలేదు.

నల్ల గీత కదిలింది.

"నేటి నుండి రద్దు చేయడమైనది. ఇకపై సదరు చేయి నా తరఫున వ్రాయునది ఏదియు చెల్లదు. ఇది నేను స్వస్థచిత్తముతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మనఃపూర్వకముగా వ్రాసి ఇచ్చిన రద్దు పత్రము."

రద్దు అని మొదలైన కాగితాన్ని రద్దుగానే ముగించడం తప్ప ఆ చేయికి ఇంకేమీ రాదు. బల్ల దగ్గర పానకాలరావూ అంతే. పార్టీ ఏ పని మీద వచ్చిందో ఆ పని పూర్తిచేసి పంపేవాడు.

యోహాను గొంతు ఒకే తీరుగా సాగుతూ సమ్మతి వాక్యం దాటింది, నంబరు దాటింది, కిందికి దిగింది. "రద్దు పత్రము" అని చదివి ఆగాడు. కళ్ళద్దాలు సర్దుకుని మిగిలినది లోపల చదువుకున్నాడు.

"అమ్మాయ్, దీని కింద ఇంకోటుంది."

నౌషీన్ వంగి చూసింది. జత కుదిరేటప్పుడు ఇలాంటి తప్పులు దొర్లుతాయని, పాత కాగితాలు అడుగునుంచి తేలతాయని అంది. అంటూనే, ఏ అక్షరం ఎవరు కొట్టారో చూపే కాగితం చరిత్ర తెరిచి చూసి మాట తగ్గించింది. మొదటి వాక్యం ఆంటీ ఖరారు చేసిందే. రెండో వాక్యం సగంలో రెండో దశ వచ్చింది. చివరి భాగం చేయి రాసింది, ఆంటీ కాదు. కాబట్టి దీన్ని ఆమె కోరికగా తీసుకోలేమంది.

యోహాను ఫోను బల్ల మీద పెట్టాడు.

"మొదటి దశలో ఆవిడ ఖరారు చేసింది ఆవిడదే అంటిరి. రెండో దశలో చేయి రాసింది ఆవిడ స్వయంగా రాసినట్టే అని ఇప్పుడే నేను చదివాను, మూడో పేజీలో. పై సగం అలా ఆవిడదే, కింది సగం ఇలా ఆవిడదే. ఇక ఆవిడది కానిదెక్కడుందమ్మా? ఇది చెల్లదంటే పైదీ చెల్లదు."

నౌషీన్ మూడో పేజీ వెనక్కి తిప్పి చూసింది. ఆమె ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. నరసరావుపేట మాస్టారు గుర్తొచ్చాడేమో. నెమ్మదిగా, ఇది ఒప్పుకుంటే ఇప్పుడే చెరిపేయాలని, చెరిపితే మళ్ళీ తీసుకురాలేనని బిందుతో చెప్పింది.

బిందు తల్లి ముఖంలోకి చూసింది. "నిజంగానా అమ్మా?"

"అదే," అంది శేషారత్నం. తల నిలువుగా ఊగిందో అడ్డంగా ఊగిందో ఆమెకే తెలియదు.

బిందు ఫోనులో కాగితం చరిత్రలోకి వెళ్ళింది. ఆరు నెలలుగా ఆ పని ఎవరూ చేయలేదు. అక్కడ ప్రతి వాక్యంలోనూ మనిషి కొట్టిన అక్షరాలు ముదురుగా, చేయి అందించినవి లేతగా ఉంటాయి. బిందు వేలితో పైకి తోస్తూ ముదురు అక్షరాలు మాత్రమే చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. వ. వ. వ. కా. వ. ఉ. వ. పేజీలకు పేజీలు. ఒకచోట ఆగిపోయింది.

"చొక్కాలు," అంది. ఫోను తల్లి వైపు తిప్పింది. "ఉండనివ్వమనా, అమ్మా, నువ్వన్నది?"

శేషారత్నం కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. బిందు ఫోను పక్కన పెట్టింది. తనే తల్లి మణికట్టుకున్న పట్టీ విప్పింది. విప్పడం తెలియక రెండుసార్లు తప్పింది.

"తీసెయ్యండి మేడమ్."

చెరపడానికి ఎక్కువ సమయం పట్టలేదు. లేత అక్షరాలన్నీ కింది నుంచి పైకి ఒక్కొక్క వరుస మాయమవుతూ పోయాయి. సదరు పోయింది. ఫలానా పోయింది. యావత్తూ పోయింది. శేషారత్నం చివరి వరుసదాకా రెప్ప వేయకుండా చూసింది. ఆయన్ని క్రితంసారి పంపలేదు, ఆయనే పోయాడు. ఈసారి తనే పంపింది. యోహాను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

*

పది రోజులైంది. బిందు ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఇంట్లో కుక్కరు చల్లారిన వాసన.

శేషారత్నం బల్ల మీద ట్యాబ్లెట్ పెట్టుకుని కూర్చుంది. దస్తరంలో మామూలు తెల్ల కాగితం. ఇప్పుడు అది ఏమీ అందించదు. ఒక అక్షరం కొడితే ఒక అక్షరమే పడుతుంది. అక్షరాల వరుస ఆమె తలలోంచి జారిపోతుంటుంది. నిన్నంతా కష్టపడితే "నీళ్ళు" అనే మాట పూర్తయింది. అప్పటికి బిందు నీళ్ళు తెచ్చిచ్చి గంట దాటింది.

మొన్న రాత బాగా కుదరక విసుగొచ్చి బిందు గట్టిగా అరిచింది, తరువాత ఏడ్చింది. రోజూ ఇలాగే ఉంటుందేమోనని శేషారత్నానికి భయం. ఎవరైనా ఎంతకాలం ఓపిక పడతారు?

కాగితం మీద కూతురి మాటలు పడ్డాయి. ఆఫీసులో పని మధ్యలో ఫోనులోంచి రాసినట్టుంది.

"నా మీద కోపమా అమ్మా?"

కాగితం పైమూలన చిన్న గుండ్రం వెలిగింది. అందులో "బిం" అని ఉంది. అవతల ఆ పిల్ల కాగితం తెరుచుకుని చూస్తోందన్నమాట.

శేషారత్నం "క" వెతికింది. దొరికింది. దానికి ఓత్వం ఎక్కడుందో కనబడలేదు. రెండుసార్లు వేరేది పడింది, చెరిపింది. ఈసారి కుదిరింది. "కో." పైకి చూసింది. గుండ్రం వెలుగుతోంది. బిందుకు పదకొండున్నరకు మీటింగు ఉంటుంది. గోడ గడియారంలో పదకొండూ ఇరవై అయిదయింది.

"ప" కొట్టింది. వేలు ఆగింది. రెండు సెకన్లు, మూడు, నాలుగు. ఏమీ కాలేదు. తెర ఆమెకోసం ఆగింది. సున్నా వెతికి పెట్టింది.

"కోపం."

పదకొండున్నర దాటింది. గుండ్రం ఆరలేదు. అటువైపు ఫోను పట్టుకుని, మీటింగు గది బయటో మెట్ల దగ్గరో నిలబడి, ఆ తరువాతి మాట కోసం చూస్తోంది కూతురు. ఉంది అని రావచ్చు, లేదు అని రావచ్చు. ఆ పాత చేయి ఉంటే ఎప్పుడో చెప్పేసి ఉండేది. ఇప్పుడు ఆ మాట ఈ లోకంలో శేషారత్నానికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆమె వేలు వణుకుతూ తెర మీదికి వెళ్ళింది.